ఆ వేలిముద్ర ఎవరి రక్షణకు?

ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పయి ఇంటికి వెళ్లాక ప్రాణం మీదికి వచ్చిన, నల్లమల అంచు తండాకు చెందిన ఆ బాలింత ప్రాణాలతో బయటపడింది. అంతవరకు ఊరట. కానీ కాన్పయిన పద్నాలుగు గంటలకే ఆమెను ఇంటికి ఎందుకు పంపారని అడిగితే, కుటుంబ సభ్యులే రాసిచ్చి తీసుకెళ్లారని ఆసుపత్రి అధికారులు చెబుతున్నారు. విచారణ కూడా ఆ ఒక్క మాటతో ముగిసిపోయేలా ఉంది. మమ్మల్ని కలవరపెడుతున్నది ఇదే.

ఆ కాగితాన్ని మా విలేకరి చూశారు. కేస్ షీట్ వెనక పిన్ను కొట్టిన అర పేజీ. సొంత పూచీ మీద తీసుకెళ్తున్నామని వార్డులో ఎవరో రాసిన రెండు వాక్యాలు, కింద అత్తగారి వేలిముద్ర. బాలింత సంతకం లేదు. పదో తరగతి చదివిన అమ్మాయి, అడిగితే పెట్టేది. అడగలేదు. అదే షీట్‌లో బీపీ, నాడి రాసే గడులు మాత్రం నిండుగా ఉన్నాయి. ఏ గడి చూసినా 110/70. ఒకే పెన్ను, ఒకే ఊపులో రాసిన రాత. పావుగంటకోసారి మంచం దగ్గరికి వచ్చి చూసి రాస్తే అంకెలు అలా ఉండవు.

కాన్పు తర్వాత మొదటి రెండు గంటలు పావుగంటకోసారి నాడి, బీపీ చూడాలి. పొట్ట మీద చేయి వేసి గర్భసంచి బిగిసిందో లేదో చూడాలి. దీనికి ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు. మాయ పడ్డాక గర్భసంచి గట్టిపడితేనే లోపలి రక్తనాళాలు మూసుకుంటాయి, మెత్తబడితే రక్తం ఆగదు. అర లీటరు పోయిందంటే ప్రమాదం కిందే లెక్క. మన తెలంగాణలో సగానికి పైగా ఆడవాళ్లు రక్తహీనతతో ఉన్నారు, వాళ్లు ఆ అర లీటరు కూడా తట్టుకోలేరు. ఇంటికి వెళ్లాక పాత చీర ముక్కలు తడిసిపోతుంటే చెడు రక్తం పోతోంది, మంచిదేలే అనుకునే పెద్దవాళ్లు పల్లెల్లో ఇంకా ఉన్నారు. బిడ్డ పుట్టాక కూడా బీపీ పెరిగి ఫిట్స్ రావచ్చని ఎన్ని ఇళ్లలో తెలుసు? మామూలు కాన్పయినా 48 గంటలు ఆసుపత్రిలోనే ఉంచాలన్న నిబంధన ఊరికే పెట్టలేదు. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద మామూలు కాన్పుకు మూడు రోజులు, సిజేరియన్‌కు ఏడు రోజుల వరకు ఉచిత భోజనం, తర్వాత ఇంటిదాకా వాహనం ఇవ్వాలి. ఈ అమ్మాయి పొత్తిళ్లలో బిడ్డతో షేర్ ఆటోలో వెళ్లింది.

మంచాలు చాలడం లేదు, సిబ్బంది తక్కువ, ఇంటి దగ్గర పిల్లలున్నారంటూ వాళ్లే పోతామంటారు అని వైద్యులు అంటున్నారు. అందులో కొంత నిజముంది. కానీ ఒకే మంచం మీద ఇద్దరు బాలింతలు, ఒకరి తల దగ్గర ఇంకొకరి కాళ్లు పెట్టుకుని పడుకునే చోట ఎవరికి ఉండాలనిపిస్తుంది? కుట్ల నొప్పితో బాత్రూంకు వెళ్తే నీళ్లుండవు. తోడొచ్చినవాళ్లు రాత్రంతా వరండాలో చాప మీద జాగారం చేయాలి. బిడ్డను చూపించాలన్నా ఎవరి చేతిలోనో వంద పెట్టాలి. ఉండలేని పరిస్థితి తెచ్చిపెట్టి, ఇష్టపడి వెళ్లారని రాయించుకుంటారా?

ఈ కాగితం చెల్లుతుందని ఒకసారి ఒప్పుకుంటే ఆగదు. నల్లగొండ నుంచి గద్వాల దాకా ప్రతి ప్రసూతి వార్డులో దీన్ని ముందే జిరాక్స్ తీయించి పెట్టుకుంటారు. మంచం ఖాళీ కావాలంటే కాగితం, రాత్రి డ్యూటీలో మనిషి లేకపోతే కాగితం, రేపు ఏ తల్లయినా తిరిగిరాకపోతే విచారణాధికారి ముందు పెట్టడానికీ అదే కాగితం. చదువురాని అత్తగారి వేలిముద్రతో వైద్యుల బాధ్యత తీరిపోతుందా?

రాష్ట్రంలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. 2018-20 లెక్కల్లో మాతృ మరణాలు లక్ష సజీవ జననాలకు 43కి తగ్గాయి. ఇది చిన్న విషయం కాదు. ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి ఒప్పిస్తేనే, గర్భిణుల కోసం నడిచే 102 వాహనం తండా దాకా వస్తేనే ఇది సాధ్యమైంది. ఆ మాట నమ్మే ఈ కుటుంబమూ ఆసుపత్రికి వచ్చింది. బిడ్డ పుట్టగానే ఆసుపత్రి కాన్పుల లెక్కలో ఒక అంకె పెరిగింది. ఆ తర్వాత తల్లి ఏమైందో రాసుకునే గడి ఏ సమీక్షా సమావేశంలోనూ కనిపించదు.

48 గంటల లోపు ఇంటికి పంపిన ప్రతి బాలింత వివరాలూ కలెక్టర్ ముందుకు రావాలి. సంతకం కావాలంటే డాక్టర్‌తో పెట్టించండి, ఆమెను తానే చూశానని, పంపడానికి ఇబ్బంది లేదని రాయించండి. కుటుంబం రాసిచ్చిందన్న సాకుతో ఈ విచారణ మూసేస్తే మేము ఒప్పుకోం. అత్తగారి బొటనవేలికి సిరా పూయడానికి దొరికిన రెండు నిమిషాలు, కోడలి పొట్ట మీద చేయి వేసి చూడటానికి ఎందుకు దొరకలేదు?