గర్వించడమే పౌరధర్మం

1976లో నలభై రెండో సవరణ ద్వారా మన రాజ్యాంగంలోకి ప్రాథమిక విధులు ప్రవేశించాయి. మొదట పది ఉండేవి, 2002లో మరొకటి చేరి పదకొండయ్యాయి. నదులను, సరస్సులను కాపాడాలనీ, ప్రభుత్వ ఆస్తిని పరిరక్షించాలనీ, శాస్త్రీయ దృక్పథం పెంచుకోవాలనీ ఇంత పొడుగు జాబితా రాసిన పెద్దలు ఒక్కసారి రాజమండ్రి వచ్చి, కోటిపల్లి బస్టాండు దగ్గర ఓ గంట నిలబడి ఉంటే వారికి ఇంత శ్రమ తప్పేది. పదకొండు విధులక్కర్లేదు, సొంత ఊరిని చూసి గర్వించడమనే ఒక్కటి చాలు. ఆ ఒక్కటీ నెరవేర్చినవాడికి మిగిలినవన్నీ మాఫీ అయిపోతాయని మా ఊరు ఏనాడో ఆచరణలో నిరూపించింది. ఆ నిరూపణను పదిమంది దృష్టికీ తీసుకురావడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గర్వానికి కావలసిన ముడిసరుకుకు మా ఊళ్లో ఏనాడూ కరువు లేదు. రాజరాజనరేంద్రుడి కొలువు ఇక్కడిదే, ఆ కొలువులో నన్నయ భట్టారకుడు భారతాన్ని తెనిగించడానికి పూనుకున్నదీ ఇక్కడే. 1852 నాటికి కాటన్ దొర పక్కనే ధవళేశ్వరంలో ఆనకట్ట పూర్తి చేశాడు. 1974లో రోడ్డు కం రైలు వంతెన వచ్చింది. ఆ వంతెన పొడవులో ఎన్నో స్థానమన్నదానిపై మనిషికో అంకె చెబుతారు గానీ, "ఆసియాలోనే" అన్న మాట దగ్గర మాత్రం ఊరంతా ఏకాభిప్రాయంతో ఉంటుంది. టేపు పట్టుకుని కొలవడానికి బయలుదేరేవాడు ఊరి ద్రోహి. గమనించదగ్గ సంగతేమిటంటే, ఇవన్నీ చేసినవారెవరూ ఇప్పుడు లేరు. పని చేయవలసినవారు చేసేసి వెళ్లిపోయారు, గర్వించవలసినవారం మేం మిగిలాం. ఇంత తగవు లేని పంపకం అన్నదమ్ముల మధ్య కూడా జరగదు.

ఈ గర్వం వాడిపోకుండా ఉండడానికి ప్రతిరోజూ స్ఫూర్తి అవసరం. తెల్లవారుజామునే మా వీధి వాట్సాప్ గ్రూపులో దాని పంపిణీ మొదలవుతుంది. ఆర్చి వంతెన వెనుక నుంచి ఉదయిస్తున్న సూర్యుడు, ఆ సూర్యుడి మీద అబ్దుల్ కలాం గారు ఎన్నడూ అన్న దాఖలా లేని ఒక సూక్తి, కింద దండం పెడుతున్న రెండు చేతులు. స్ఫూర్తి ఉదయపు ఉప్మా వంటిది. వేడి మీద సేవించి చేయి కడుక్కోవాలి తప్ప, దాన్ని పట్టుకుని వీధిలోకి వెళ్లి ఏదో ఉద్ధరిద్దామనుకోవడం ఉప్మాకూ వీధికీ కూడా మంచిది కాదు. ఈ మర్మం తెలిసినవారే మా గ్రూపు పెద్దలు.

ఆ పెద్దలలో ఒకరి దినచర్య పాఠ్యపుస్తకాలలో చేర్చదగినది. ఘనవ్యర్థాల నియమాల ప్రకారం ఇంటి చెత్తను ఇంట్లోనే తడి, పొడి వంటి రకాలుగా వేరు చేసి ఇవ్వాలి. ఉదయం చెత్తబండి వచ్చేసరికి ఆయన గేటు దగ్గర సిద్ధంగా ఉంటారు. ఎడమచేతి ఫోన్‌లో "మార్పు మన ఇంటి నుంచే" అన్న సందేశాన్ని నాలుగు గ్రూపులకు పంపుతూ, కుడిచేతిలోని నల్ల కవరును బండివైపు చాస్తారు. అందులో నిన్నటి సాంబారు, పాలప్యాకెట్లు, అయిపోయిన బ్యాటరీలు, మనవడి డైపర్లు, పగిలిన గాజుగ్లాసు కులమత భేదాలు లేకుండా కలిసిమెలిసి ఉంటాయి.

"బాబుగారూ, తడీ పొడీ వేరుగా ఇవ్వండి, గాజుపెంకులు చేతులకి గుచ్చుకుంటున్నాయండి" అంటుంది బండి వెంట వచ్చే ఆమె.

"మేం వేరుగానే ఇచ్చేవాళ్లం తల్లీ, తీసుకెళ్లి మీరు అక్కడ కలిపేస్తారు కదా, ఎందుకని మానేశాం" అంటారాయన, ఎంతో దయగా.

ఆమె కవరు చింపి, అక్కడే బండి తొట్టిలోకి వంగి, రెండు వేళ్లతో గాజుముక్కలు ఏరి పక్కన పెడుతుంది. పెద్దమనిషి హృదయం ద్రవిస్తుంది. వెంటనే ఆమె ఫోటో తీసి, "వీరే నిజమైన హీరోలు, సెల్యూట్" అన్న వ్యాఖ్యతో గ్రూపులో పెడతారు. మధ్యాహ్నానికి దాని కింద చప్పట్ల బొమ్మలు బారులు తీరతాయి. చేతి తొడుగులు కొనిస్తే పోయేది కదా అని ఎవరో కొత్తగా చేరిన కుర్రవాడు రాశాడు. వాదాలకు గ్రూపు వేదిక కాదని సున్నితంగా చెప్పి అతణ్ణి తొలగించారు.

ఇక నది విషయంలో మా బాధ్యత మరీ లోతైనది. గోదావరిని మేం నది అనం, తల్లి అంటాం. అందువల్ల నదులను కాపాడాలన్న రాజ్యాంగ విధి మాకు వర్తించదు, ఎందుకంటే తల్లి పిల్లల్ని కాపాడాలి గానీ పిల్లలు తల్లిని కాపాడడం ఎక్కడి ఆచారం? పుష్కర ఘాట్ మెట్ల మీద ఏ ఉదయమైనా చూడండి. పట్టుపంచె కట్టిన భక్తుడొకరు వారం రోజుల నిర్మాల్యాన్ని పలుచని క్యారీబ్యాగులో తెస్తారు. 120 మైక్రాన్ల కన్నా పలుచనివాటికి 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం ఉంది కాబట్టి, దుకాణదారు చట్టాన్ని గౌరవించి దాన్ని బల్ల కింద నుంచి తీసి ఇచ్చి ఉంటాడు. వాడిన పూలు మెట్ల మీద చెదిరితే అపచారమని భక్తుడు సంచి మూతికి రెండు ముళ్లు వేస్తారు, గట్టిగా పడ్డాయో లేదో లాగి చూసుకుంటారు, కళ్లు మూసుకుని మనసులో ఏదో చెప్పుకుని సంచితో సహా నీళ్లలోకి విసురుతారు. లోపల గాలి ఉన్న ఆ సంచి మునగదు, కింది మెట్టుకు కొట్టుకుంటూ అక్కడే తేలుతుంది. ఆయన దాన్ని కాలితో తోయరు, అది నిర్మాల్యం. చేత్తో తీయరు, అది చెత్త. ఒకే వస్తువు ఒకే క్షణంలో అంత పవిత్రంగానూ అంత అంటరానిదిగానూ ఉండగలదని కనిపెట్టిన ఘనత మా మెట్లది. నల్లా ఛానల్ గుండా నదిలోకి చేరే ఊరి మురుగు గురించి బెంగపడేవారు కొందరున్నారు. వారు సాయంత్రం హారతికి రావడం లేదన్నమాట. వస్తే, అన్ని ఫోన్లు ఎత్తి పట్టుకున్న ఆ దీపాల వెలుగులో నీళ్ల రంగు ఎవరికీ కనిపించదని గ్రహించేవారు.

కాటన్ దొర సంగతి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. డెల్టాలో ఆయన విగ్రహం లేని ఊరిని వెతకాలి. ఆయన్ను భగీరథుడిగా స్మరించే శ్లోకం ఒకటి పండితుల నోట ఇప్పటికీ వినబడుతుంది. ఆయన తవ్వించిన కాలువల గట్ల మీద చెత్త పోగుపడుతోందని, నీళ్ల మీద గుర్రపుడెక్క పరుచుకుందని ఆక్షేపించేవారికి గురుభక్తి తెలియదు. కాలువ నిండుగా పారుతుంటే అది దాని స్వభావమనుకుని జనం దొరను మరిచిపోతారు. పూడిపోయినప్పుడే కదా ఆయన ఎంత కష్టపడ్డాడో తెలిసివచ్చేది.

మా ఊరి గర్వానికి పరాకాష్ఠ మాత్రం కందుకూరి వీరేశలింగం పంతులుగారు. ఏటా ఏప్రిల్ 16న ఆయన జయంతినాడు విగ్రహానికి దండలు వేయడానికి తోసుకునేంత మంది వస్తారు. ఆ సందర్భంగా కట్టే ఫ్లెక్సీలో పంతులుగారి ముఖం తపాలాబిళ్లంత, నివాళి ఘటించేవారి ముఖాలు నిలువెత్తూ ఉంటాయి. చనిపోయినవారు స్థలం విషయంలో పట్టుదలకు పోరు.

అయితే బాధ్యతాయుత పౌరుడన్న మాటకు మేం ఇప్పుడు ఇచ్చుకున్న అర్థంలో చూస్తే, పంతులుగారంత బాధ్యతారహితుడు ఈ ఊళ్లో మరొకడు పుట్టలేదని చెప్పక తప్పదు. 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టి ఆయన చేసిన పని ఏమిటి? ఊరి గొప్పలు రాశారా? ఆసియాలోనే అన్నారా? లేదు. లంచాలు పట్టే ఉద్యోగుల గుట్టు బయటపెట్టారు, పెద్దమనుషుల వేషాలను ప్రహసనాలలో నవ్వులపాలు చేశారు, అంటే ఊరి పరువును అచ్చువేసి మరీ అమ్మారు. అది చాలక 1881 డిసెంబరు 11న తన ఇంట్లోనే వితంతు వివాహం జరిపించారు. నాటి బాధ్యతాయుత పౌరులు ఊరుకోలేదు. వెలివేస్తామన్నారు. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు ఆ ఇంటికి రావడం మానేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరికి వెళ్లి బిందెతో నీళ్లు మోసుకొచ్చి, పెళ్లివారికి వంట చేశారు. ఆనాడు ఆమె బిందె ఎత్తుకుని నడుస్తుంటే అరుగుల మీద కూర్చుని చూసినవారి మునిమనవళ్లలో కొందరైనా నేటి దండల వరుసలో ముందు నిలబడి ఉంటారని నా నమ్మకం. ఇందులో తప్పేమీ లేదు. గౌరవించడానికి ఒక శతాబ్దం వ్యవధి తీసుకోవడం తొందరపాటు లేని సమాజ లక్షణం.

పంతులుగారు ఇప్పుడుంటే ఏం జరిగేదో ఊహించడం కష్టం కాదు. ఆయన పెట్టే పోస్టులన్నీ ఫలానా పనికి ఫలానా వారు ఎంత తీసుకున్నారన్నవే అయ్యుండేవి. "మంచి విషయాలు చాలా ఉన్నాయి కదండీ, ఎప్పుడూ నెగెటివ్ ఎందుకండీ" అని ముందు మెత్తగా చెప్పేవాళ్లం. మా ఊళ్లో తిట్టు కూడా "అండీ" లేకుండా గడప దాటదు. వినకపోతే "ఊరు నచ్చకపోతే వేరే ఊరు చూసుకోండి" అనేవాళ్లం. అన్నట్టు, ఆయన 1919లో కన్నుమూసింది మద్రాసులో.

ఆ "అండీ" గురించి మరో మాట. దేవీచౌక్ దగ్గర ఒక పెద్దాయన ఎదురు దారిలో స్కూటరు తోలుకొస్తూ, సరైన దారిలో వస్తున్నవారితో "కాస్త చూసుకుని రావాలి కదండీ" అనడం నేను చెవులారా విన్నాను. అవతలి వ్యక్తి "ఆయ్, పొరపాటయిందండీ" అని పక్కకు తప్పుకున్నాడు. ట్రాఫిక్ నియమాలు లేని చోట మర్యాద ఎంత పని చేస్తుందో నగర ప్రణాళికా నిపుణులు వచ్చి పరిశీలించాలి.

ఊరు విడిచి వెళ్లినవారి గర్వం మరీ స్వచ్ఛమైనది. కూకట్‌పల్లి దాకా వెళ్లినవారికి రోజ్‌మిల్క్ గుర్తొస్తే కళ్లు చెమరుస్తాయి, డల్లాస్ దాకా వెళ్లినవారికి గోదావరి అన్న పేరు వింటేనే గొంతు పూడుకుపోతుంది. సింగపూర్‌లో బతికే మావాడొకడు చాక్లెట్ కాగితాన్ని చెత్తబుట్ట కనిపించేదాకా జేబులో మోసుకు తిరుగుతాడు. సంక్రాంతికి మధురపూడి విమానాశ్రయంలో దిగి, కారెక్కి, అద్దం దించి, అదే కాగితాన్ని పొలాల్లోకి వదిలాడు. అదేమిటని అడిగితే అతనిచ్చిన జవాబు నిరుత్తరుణ్ణి చేసింది. పరాయి దేశంలో మన పరువు పోకూడదు గనుక నియమంగా ఉండాలి, సొంత ఊళ్లో అంతా మనవాళ్లే, ఇక్కడ కూడా బిగుసుకుని ఉంటే ఊరికొచ్చినట్టు ఏముంటుంది, అన్నాడు. తరువాత మెయిన్ రోడ్డులో పార్కింగ్ లేదని, ఈ ఊరు ఇక మారదని ఎంతో బాధపడ్డాడు కూడా.

2027లో మళ్లీ పుష్కరాలు. ఊరికి రంగులు వేస్తారు, గోడల మీద నన్నయగారు, కాటన్ దొర, పంతులుగారు కొత్త వర్ణాలలో వెలుస్తారు, వారి పాదాల దగ్గర "ఇచ్చట మూత్రవిసర్జన చేయరాదు" అన్న వాక్యం ఉంటుంది. బొమ్మలో ఉన్నది ఎవరైనా ఆ వాక్యాన్ని మాత్రం జనం ఆహ్వానంగానే చదువుకుంటారు.

ఇంత ఆదర్శప్రాయమైన ఊళ్లో కూడా చిన్న లోపం లేకపోలేదు. మా వీధి చివర ఒక రిటైర్డు మాస్టారున్నారు. ఆయనకు వాట్సాప్ లేదు. ఊరిని గురించి ఒక్క గొప్ప మాట అనగా ఎవరూ వినలేదు. పొద్దున్నే లుంగీ పైకి కట్టి, పార పట్టుకుని తన ఇంటి ముందు కాలువలో పూడిక తీస్తారు, తీసిన బురదను గట్టు మీద వదిలేయకుండా పాత సిమెంటు సంచిలోకి ఎత్తి బండివాళ్లకు ఇస్తారు. మొదట్లో ఆయన పరిస్థితి చూసి అంతా జాలిపడ్డారు, పిల్లలు చూడడం లేదేమోనని విచారించారు. వానాకాలంలో ఆయన ఇంటి ముందు తప్ప వీధంతా నీళ్లు నిలిచాక, ఆయన స్ఫూర్తిదాయకుడని గ్రూపు తీర్మానించి సన్మానం పెట్టింది. శాలువా కప్పాక మాట్లాడమంటే, ఆదివారాలు ఇంటికొకరు పారతో వస్తే నెలలో వీధి కాలువంతా పారుతుందని ఆయన అన్నారు. వందన సమర్పణకు సమయం మించిపోవడంతో ఆ అంశం చర్చకు రాలేదు. అయినా ఆయన పట్ల మా గౌరవం ఏమాత్రం తగ్గలేదు. వీధి మొగలో విగ్రహం పెట్టాలని చందాలు కూడా మొదలయ్యాయి, కాలువ మీద పలక వేసి దిమ్మె కట్టడానికి చోటు చూశారు. మాస్టారు ఇంకా ఆరోగ్యంగా ఉండడమొక్కటే ప్రస్తుతానికి అడ్డంకి.