లోపం లేని ఇనుమే గట్టిదా?

మహారాష్ట్రలోని మా ధర్మాబాదు, దెగ్లూరు వైపు తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజీ తిరుగుతోంది. పరమాణువుల వరసలో ఒక్క లోపం కూడా లేని శుద్ధమైన ఇనుమే గట్టిదట, పూర్వం మనవాళ్ళ ఉక్కు అలాంటిదేనట. ఇప్పటి సలాకల్లో లోపాలుంటాయి కాబట్టే ఇళ్ళు పగులుతున్నాయట. ఘన పదార్థంలో పరమాణువులు కదలవు కాబట్టి పైన ఏం చేసినా లోపలికి దిగదట. ఇల్లు కట్టుకుంటున్న మా చిన్నాయన అది చదివి, తెచ్చిన సలాకలు వాపస్ ఇవ్వాలా అని టెన్షన్ పడుతున్నాడు.

శుద్ధమైన ఇనుము మెత్తగా ఉంటుంది. దాని వరసల్లో అక్కడక్కడ ఒక వరస సగంలోనే ఆగిపోతుంది, దాన్నే డిస్‌లొకేషన్ అంటారు. బరువైన జంపఖానాను ఒక మడత లేపి తోస్తే సులువుగా జరిగినట్టు, ఈ తెగిన వరస జరుగుతూ పోతే లోహం వంగుతుంది. 1934లో టేలర్, ఒరొవాన్, పొలాన్యి అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఎవరికి వారుగా ఈ సంగతి చెప్పారు.

మరి అది జరగకుండా ఆపేదేమిటి? చాలాసార్లు ఇంకో లోపమే. మేస్త్రి దగ్గర సలాకలు కట్టే బైండింగ్ వైరు జానెడు తీసుకోండి. ఒకచోట బాగా వంచి, మళ్ళీ తిన్నగా చేయండి. ఎంత నొక్కినా ఆ చోట చిన్న మూపురం మిగిలిపోతుంది, తీగ దాని పక్కన వంగుతుంది. వంచినచోట డిస్‌లొకేషన్లు విపరీతంగా పెరిగి, ఒకదానికొకటి చిక్కుపడి కదలలేకపోతాయి. అదే తీగను ఎర్రగా కాల్చి బూడిదలో చల్లారనిస్తే ఆ చిక్కు విడిపోయి మళ్ళీ మెత్తబడుతుంది.

మెసేజీలో కొంత నిజం లేకపోలేదు. దాదాపు లోపాల్లేని సన్నటి తగరపు పోగులు మామూలు తగరం కంటే ఎన్నో రెట్లు తట్టుకుంటాయని 1952లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో హెరింగ్, గాల్ట్ చూపించారు. కానీ వాళ్ళు చూసినవి వెంట్రుక కన్నా సన్నటి పోగులు. సలాక లావున అలాంటిది దొరకదు.

పూర్వీకుల ఉక్కు మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. గోదావరి అవతల, నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో చేసిన ఉక్కు డమాస్కస్ దాకా పేరు తెచ్చుకుంది. అది శుద్ధ ఇనుము కాదు. అలాంటి మూస ఉక్కులో సుమారు ఒకటిన్నర శాతం కార్బన్ ఉంటుంది. ఆ కార్బన్‌ను సరిగ్గా పట్టించడంలోనే మనవాళ్ళ పనితనమంతా ఉంది.

పరమాణువులు కదలవన్నది తప్పని 1896లోనే తేలిపోయింది. సీసం కడ్డీ అడుగున బంగారం పెట్టి, సీసం కరగనంత వేడిలో ఉంచితే బంగారం లోపలికి పాకిందని రాబర్ట్స్-ఆస్టిన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త కొలిచి చూపాడు. గేర్లకు 900 డిగ్రీల పైన గంటల తరబడి కార్బన్ పట్టించేదీ ఇలాగే. లోతు రెట్టింపు కావాలంటే సమయం నాలుగు రెట్లు పడుతుంది.

ఇక ఇప్పుడు ఇళ్ళకు వాడే టీఎంటీ సలాకలు. మిల్లులో ఎర్రటి సలాక మీద జోరుగా నీళ్ళు కొడితే పైపొర గట్టిపడుతుంది. లోపల మిగిలిన వేడి ఆ పొర పెళుసుతనం తీస్తుంది, నడిమి భాగం సాగే గుణంతో ఉంటుంది. మన దగ్గర గోడలు పగలడానికి పెద్ద కారణం నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది.

చిన్నాయనా, ఐఎస్ఐ గుర్తుంటే సలాకలు వాపస్ ఇవ్వకు. పునాది గుంత రేగడి దాటి గట్టినేల దాకా పోయిందో లేదో రేపు మేస్త్రితో కలిసి చూడు.