జిరాక్స్ సెంటర్ రాసిచ్చే రెజ్యూమె

మార్చి, ఏప్రిల్ నెలల్లో హనుమకొండ నయీంనగర్‌లోనో, కాకతీయ యూనివర్సిటీ క్రాస్‌రోడ్డు దగ్గరో ఏదైనా జిరాక్స్ సెంటర్ ముందు ఓ గంట నిలబడండి. "అన్నా, ఒక రెజ్యూమె కొట్టియ్యవా, రేపు జాబ్‌మేళా ఉంది" అంటూ డిగ్రీ ఆఖరి సెమిస్టర్ పిల్లలు వస్తుంటారు. ఆయన నిన్నటి ఫైలు తెరుస్తాడు. పేరు, తండ్రి పేరు, ఊరు, మార్కుల శాతం మారుస్తాడు. మిగతాదంతా అట్లాగే ఉంచుతాడు. పైన సవాళ్లతో కూడిన సంస్థలో పనిచేయాలన్న ఆశయం, కింద "పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను" అన్న వాక్యం. పది నిమిషాల్లో ప్రింటు చేతికొస్తుంది. మూడేళ్ల చదువు గురించి ఆ పిల్లవాడు ఒక్క ముక్క కూడా సొంతంగా రాయలేదు. సంతకం మాత్రం తనదే.

నిరుడు నగరంలోని ఒక డిగ్రీ కళాశాలవాళ్లు మాక్ ఇంటర్వ్యూలకు పిలిస్తే వెళ్లాను. నలభై రెజ్యూమెలు నా ముందు పెట్టారు. సగానికి పైగా ఒకే అచ్చు. ఒక అమ్మాయి కాగితంలో అలవాట్ల కింద క్రికెట్ అని ఉంది. సరదాగా "బ్యాటింగా అమ్మా, బౌలింగా?" అనడిగాను. ఆ పిల్ల బిత్తరపోయి చూసింది. "నాకు క్రికెట్ రాదు సార్, అది జిరాక్స్ సెంటరాయనే పెట్టిండు" అంది. నవ్వు ఆపుకోలేకపోయాను. తర్వాత సిగ్గేసింది. ఆమె తప్పేముంది? రెజ్యూమె అంటే ఏమిటో మూడేళ్లలో ఆమెకు చెప్పినవాళ్లు లేరు.

ఆ రోజు నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం పర్వతగిరి వైపు నుంచి వచ్చిన బీకాం కుర్రాడు. "మీ గురించి చెప్పండి" అనగానే కంఠతా పట్టింది అప్పజెప్పాడు. మై నేమ్ ఈజ్, మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, మై మదర్ ఈజ్ ఎ హౌస్‌వైఫ్, మై స్ట్రెంత్ ఈజ్ హార్డ్ వర్క్. పొద్దున ఆరింటికి పత్తి ఏరడానికి పోయి పొద్దుగూకాక వచ్చే తల్లి ఆ వాక్యంలో హౌస్‌వైఫ్ ఎట్లా అయిందన్నది వేరే కథ. సెలవుల్లో ఏం చేస్తావని తెలుగులో అడిగాను. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్‌కు ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో చిట్టా రాస్తాడట, రెండేళ్లుగా. ఇక మొదలుపెట్టాడు. ధర తేల్చే జెండా పాట ఎట్లా జరుగుతుంది, మిర్చిలో తేజ రకానికీ చపాటాకూ ధరలో తేడా ఎందుకు, కాంటా అయ్యాక రైతుకిచ్చే లెక్క చీటీ తక్‌పట్టీలో హమాలీ, దడువాయి (తూకం వేసేవాళ్ల) ఖర్చులు ఎట్లా పోతాయి, లెక్క తప్పితే రైతు ఎట్లా నిలదీస్తాడు... పావుగంట ఆపకుండా చెప్పాడు. ఒక్కచోటా తడబడలేదు. కాగితంలో అనుభవం దగ్గర మాత్రం "ఫ్రెషర్" అని ఉంది.

"ఇదెందుకు రాయలేదు తమ్మీ?"

"గది గూడ రాస్తరా సార్? నామోషీ గదా."

నా వాదన అంతా ఆ కుర్రాడి జవాబులోనే ఉంది. మన పిల్లలు ఉన్న అనుభవాన్ని దాచి, లేనిదాన్ని అరువు తెచ్చి అచ్చేస్తున్నారు. అది వాళ్లకు నేర్పింది మనమే. గ్రామీణ విద్యార్థులకు కమ్యూనికేషన్ స్కిల్స్ లేవని ప్రతి సదస్సులోనూ వింటాం. ఇంగ్లిష్ రాకపోవడం నిజమైన ఇబ్బందే, కాదనను. కానీ తనది కాని సంగతిని ఏ భాషలోనైనా ఎంతసేపు చెప్పగలరు? అకౌంట్స్ అసిస్టెంటు కోసం వెతికే సంస్థకు రోజుకు వంద చీటీలు తప్పులేకుండా రాసినవాడు కావాలి. అట్లాంటివాడు ఎదురుగా కూర్చున్నా, చేతిలోని కాగితం ఆ ముక్క చెప్పదు.

ఇంజినీరింగ్‌లో ఇదే జబ్బు ఇంకో రూపంలో ఉంది. ప్రాజెక్టులు కొనుక్కొస్తారు. అమీర్‌పేటలో డబ్బు కడితే కోడ్, రిపోర్టు, స్లైడ్లు కలిపి ఇచ్చేవాళ్లున్నారని అందరికీ తెలుసు. వైవా గట్టెక్కుతుంది. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నే ప్రాజెక్టు మీద వస్తుంది, అక్కడ నోరు పెగలదు. 1959లో రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీగా పునాది పడిన నిట్ మన ఊళ్లోనే ఉంది. కంపెనీలు వాళ్ల గేటు దాకా వస్తాయి. దానికి కొద్ది దూరంలోని కళాశాలల పిల్లలు ఎక్కడో చాలా కాలేజీలకు కలిపి జరిగే పూల్ క్యాంపస్ డ్రైవ్ కోసం తెల్లారుజామున కాజీపేటలో రైలెక్కుతారు. తెలివిలో తేడా ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అడిగేవాడి ఎదుట కూర్చునే సాధనలో తేడా మాత్రం కొండంత.

ఈ సాధన లేకపోవడానికి మనం పెద్దగా మాట్లాడుకోని కారణం ఒకటుంది. కేంద్రం 2016 జనవరి 1 నుంచి నాన్ గెజిటెడ్ గ్రూప్-బి, కింది స్థాయి పోస్టులకు ఇంటర్వ్యూలు ఎత్తేసింది. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం గ్రూప్-1, గ్రూప్-2లకూ తీసేసింది. మంచి నిర్ణయమే. నోటి పరీక్షలో మార్కుల మీద ఎప్పుడూ అనుమానాలుండేవి, పైరవీలు లేనివాడు భయపడేవాడు. కానీ దాని నీడ వేరేచోట పడింది. హనుమకొండ స్టడీ హాళ్లలో నాలుగైదేళ్లు గ్రూప్స్‌కు, కానిస్టేబుల్‌కు, డీఎస్సీకి చదివే కుర్రాళ్లకు ఎదుటి మనిషితో మాట్లాడి ఉద్యోగం తెచ్చుకోవాల్సిన పనే లేదు. చాలావరకు ఓఎంఆర్ షీటులో సున్నాలు దిద్దడమే. 2022లో గ్రూప్-4 నోటిఫికేషన్ ఎనిమిది వేల పైచిలుకు పోస్టులకు వస్తే తొమ్మిది లక్షల మందికి పైగా దరఖాస్తు పెట్టారు. అదే ఏడాది అక్టోబరులో జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్, పేపర్ లీకేజీతో 2023 మార్చిలో రద్దయింది. మళ్లీ పెట్టింది హైకోర్టులో నిలవలేదు. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. ఇవన్నీ తేలేసరికి ఇరవై రెండేళ్లవాడికి ఇరవై ఆరొచ్చాయి. ఉద్యోగం రానివాడు ప్రైవేటు వైపు తిరిగితే మొదటి ప్రశ్న "ఈ నాలుగేళ్లు ఏం చేశావు?"

ఆ ఖాళీని దాచడానికి కొందరు దొంగ అనుభవ పత్రాలు కొంటున్నారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోతే చేరిన ఉద్యోగమూ పోతుంది. నేనైతే ఉన్నది ఉన్నట్టు రాయమంటాను. ఏ పరీక్షలు రాశాడు, ఎన్ని మార్కులొచ్చాయి, రూముమేట్లకు అరిథ్‌మెటిక్ చెప్పాడా, స్టడీ హాల్ అద్దె కోసం సాయంత్రాలు ఎక్కడైనా పనిచేశాడా... నాలుగేళ్లు ఒకే లక్ష్యానికి కూర్చున్నవాడి ఓపికను గుర్తించే యజమానులు తక్కువేమో గానీ, అసలు లేకపోలేదు.

ఇక ఉద్యోగాల వెతుకులాట. మడికొండ ఐటీ పార్కులో టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు 2020 జనవరిలో తెరుచుకున్నాయి. గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన జరిగింది. బట్టల ఫ్యాక్టరీ అంటే మనవాళ్లకు కుట్టుమిషన్లే గుర్తొస్తాయి. స్టోర్స్, డిస్పాచ్, క్వాలిటీ, జీతాల లెక్కలు చూసేవాళ్లు కూడా కావాలన్న ఆలోచన బీకాం, బీఎస్సీ పిల్లలకు రాదు. ఒక్కసారి బస్సులో తీసుకెళ్లి చూపిస్తే వస్తుంది. స్టడీ టూర్ అంటే మాత్రం లక్నవరం చెరువే.

జీతం లెక్క కూడా చెప్పేవాళ్లు లేరు. ఏడాదికి 2.4 లక్షల ప్యాకేజీ అంటే నెలకు 20 వేలని సంబరపడతారు. అందులో కంపెనీ కట్టే పీఎఫ్ వాటా కలిసి ఉంటుంది, ఉద్యోగి వాటా మళ్లీ కోత పడుతుంది, ఆపైన ఈఎస్ఐ, వృత్తి పన్ను. చేతికొచ్చేది పదహారు, పదిహేడు వేలు. హైదరాబాద్ హాస్టల్‌కు ఆరేడు వేలు పోతే ఇంటికి పంపేదెంత? చేరే ముందే తెలిస్తే మూడో నెలలో మానేసి ఊరికి రారు. ఇక లక్షన్నర కడితే బ్యాక్‌డోర్ ఉద్యోగం అన్నవాడు దొంగ. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు.

కళాశాలలు ఏం చేస్తున్నాయి? ఆరో సెమిస్టర్‌లో రెండు రోజులు ఎవరినో పిలిపిస్తాయి. మైకు పట్టుకున్నాయన చప్పట్లు కొట్టిస్తాడు, "నేను గెలుస్తాను" అని అరిపిస్తాడు, ఫొటోలు మర్నాడు పేపర్లో వస్తాయి. ప్లేస్‌మెంట్ ఆఫీసర్ అనే హోదా చాలాచోట్ల ఇంగ్లిషో కామర్సో చెప్పే లెక్చరర్ నెత్తిన పెట్టిన అదనపు బరువు. ఆయనే గెస్టు ఫ్యాకల్టీ అయితే మరీ విచిత్రం. వచ్చే ఏడాది తన కొలువు ఉంటుందో లేదో తెలియనివాడు పిల్లలకు కొలువు దారి చూపాలి. రాష్ట్ర ప్రభుత్వ నైపుణ్య సంస్థ టాస్క్ 2014 నుంచి ఉంది. ముప్పై మంది, ఆపైన పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని నిబంధన ఉంది. ఆ రోజు నేను అడిగిన పిల్లల్లో అప్రెంటిస్ అంటే ఐటీఐ వాళ్లకే అనుకున్నవాళ్లే ఎక్కువ.

నేనడిగేది ఖర్చులేని పని. మొదటి సెమిస్టర్‌లోనే ప్రతి విద్యార్థి ఒక నోటుబుక్కు పెట్టుకోవాలి. నెలకోసారి ఆ నెల చేసిన పని నాలుగు వాక్యాల్లో రాయాలి, ముందు తెలుగులోనే. దుకాణంలో లెక్క రాసినా, మేడారం జాతరలో ఎన్ఎస్ఎస్ తరఫున దారి చూపినా, ఇంటి ట్రాక్టర్ కిస్తీ కట్టడానికి బ్యాంకు చుట్టూ తిరిగినా సరే. ఏడాదికోసారి దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చుకోవాలి. ఆఖరి ఏడాదికి రెజ్యూమె దానంతటదే తేలుతుంది. జిరాక్స్ సెంటర్‌తో ప్రింటు పని తప్ప అవసరం ఉండదు. చాట్‌జీపీటీ వచ్చాక ఇది ఇంకా అవసరం. అదీ ఫోన్‌లో దూరిన జిరాక్స్ సెంటరే, మనం ఏమీ చెప్పకపోతే అందరికీ ఒకటే రాసిస్తుంది. మాక్ ఇంటర్వ్యూలకు ట్రైనర్ బదులు ఒక అడ్తిదారును, ఒక బ్యాంకు మేనేజర్‌ను, ఒక ఆసుపత్రి నడిపేవాళ్లను కూర్చోబెడితే చాలు. వాళ్లు బలాలు, బలహీనతలు అడగరు. పని అడుగుతారు.

క్రికెట్ రాని అమ్మాయికి ఈ మధ్య హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌లో పని దొరికింది. ఈసారి కాగితం తనే రాసుకుంది. అమ్మ కుట్టుమిషన్ దగ్గర మూడేళ్లుగా గిరాకీల బాకీలు, కొలతలు తనే చూస్తున్న సంగతి అందులో ఉంది. సోమవారం చేరాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు తెమ్మన్నారు. అవి కాలేజీ బీరువాలో ఉన్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు, మొత్తం కడితేనే ఇస్తామన్నారు. ఈ బకాయిల మీదే 2025 నవంబరులో ప్రైవేటు కళాశాలలు కొన్ని రోజులు బంద్ కూడా పెట్టాయి. వాళ్ల కష్టం వాళ్లకుంది. ఆ అమ్మాయి నాన్న వడ్డీకి తెచ్చి కట్టేసరికి బుధవారమైంది. ఆసుపత్రివాళ్లు ఆ రెండు రోజులు ఆగారు కాబట్టి సరిపోయింది.