ఆ అట్టపెట్టె పారేయకండి

కిందటి వేసవిలో, ఇక్కడ అమెరికాలో నేను చదువుకున్న యూనివర్సిటీకి వెళ్లి, పాత కాగితాలు భద్రపరిచే ఆర్కైవ్స్ రీడింగ్ రూమ్‌లో ఒక పూటంతా కూర్చున్నాను. సంచీ బయట లాకర్లో పెట్టించారు, పెన్ను తీసుకుని పెన్సిలు చేతికిచ్చారు. 1970ల చివర ఇక్కడ చదివిన తెలుగు విద్యార్థుల గురించి ఏముంటే అది చూపించమని అడిగాను. అక్కడి ఆవిడ ఓపిగ్గా వెతికి రెండు పెట్టెలు తెచ్చింది. డిపార్ట్‌మెంటు వార్షిక నివేదికల్లో మా పేర్లున్నాయి, ఎవరికి ఏ అసిస్టెంట్‌షిప్ ఇచ్చారో ఉంది. మా థీసిస్‌లు సరేసరి. అవి కాక ఒకే ఒక్క ఫోటో, ఇంటర్నేషనల్ నైట్‌లో తీసింది. తొమ్మిది మందిమి వరసగా నిలబడ్డాం, అందరం తెలుగువాళ్లమే. ఫోటో వెనక "భారతీయ విద్యార్థులు" అని మాత్రం రాసి ఉంది.

తొమ్మిది పేర్లూ చెప్పాను. ఆవిడ ఒక కాగితం మీద రాసుకుని ఫోటోతో పాటు ఫోల్డర్లో పెట్టింది. ఆ తొమ్మిది మందిలో ఇద్దరు ఇప్పుడు లేరు.

మనం ఏం చదివామో యూనివర్సిటీలకు బాగా తెలుసు. ఎలా ఉండి చదివామో తెలియదు. ఆ రెండో సగం మన ఇళ్లల్లో, బేస్‌మెంట్లలో, గరాజ్‌లలో అట్టపెట్టెల్లో పడి ఉంది. మనం పోయాక పిల్లలు తెరిచి చూస్తారు, తెలుగు చదవడం రాక చెత్తలో వేస్తారు. అందుకే మనం ఉండగానే వాటిని ఆర్కైవ్స్‌కు అప్పగించాలని అంటున్నాను.

చదువు సంగతికి దిగులు లేదు. మా రోజుల్లో పీహెచ్‌డీ పూర్తికాగానే థీసిస్, ఫిల్ము మీద నకలు తీసి దాచడానికి, యాన్ ఆర్బర్‌లోని మైక్రోఫిల్మ్ కంపెనీకి వెళ్లిపోయేది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు క్రియాధాతువుల మీద చేసిన పరిశోధనకు 1957లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ డాక్టరేట్ ఇచ్చింది. 1961లో కాలిఫోర్నియా యూనివర్సిటీ దాన్ని పుస్తకంగా వేసింది. అలాంటివి ఎక్కడికీ పోవు. జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఒక వ్యాసంలో ప్రకటించిన భాస్వరం కొలిచే పద్ధతిని తరాల తరబడి బయోకెమిస్ట్రీ విద్యార్థులు ప్రయోగశాలల్లో చేశారు. అయితే, భార్యను ఊళ్లో వదిలి 1923లో బోస్టన్‌లో దిగిన ఆ మనిషి ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేసి పొట్ట పోసుకున్నాడని ఆ వ్యాసంలో ఎందుకుంటుంది? అలాంటి సంగతులు మనదాకా వచ్చాయంటే ఎవరో గుర్తుపెట్టుకుని చెప్పబట్టి, దాచిన కాగితాలు చూపించబట్టి.

చికాగో, మాడిసన్, బర్కిలీ లైబ్రరీల్లో తెలుగు పుస్తకాల అరలు చూసి పొంగిపోని వాళ్లు మనలో ఉండరు. అవి అక్కడికి చేరిన తీరు ఇంకా చిత్రం. పీఎల్-480 చట్టం కింద అమెరికా మనకు గోధుమలు పంపి డబ్బు రూపాయల్లోనే తీసుకునేది. ఆ రూపాయల్లోంచి కొంత పెట్టి 1962 నుంచి ఢిల్లీలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆఫీసు మన భాషల పుస్తకాలు, పత్రికలు కొని ఇక్కడి యూనివర్సిటీలకు పంపింది. విజయవాడలో అచ్చయిన పుస్తకానికి ఇక్కడి లైబ్రరీలో కాల్ నంబరు ఉంది. చలికాలం రాత్రి ఆ అరల మధ్య కూర్చుని దాన్ని చదువుకుని, ఇంటి మీద బెంగ తీర్చుకున్న కుర్రాడి ఆనవాలు మాత్రం ఎక్కడా లేదు.

యూనివర్సిటీల తప్పని అనను. ఆర్కైవ్స్ అనేవి మొదట ఆఫీసు కాగితాల కోసం పుట్టాయి. విద్యార్థులు దాచింది విద్యార్థులే తెచ్చి ఇవ్వాలి. ఇల్లినాయ్ యూనివర్సిటీలో, అర్బానా-షాంపేన్‌లో, 1989 నుంచి విద్యార్థి జీవితానికని విడిగా ఒక ఆర్కైవ్స్ ఉంది. స్టివర్ట్ హౌ అనే పూర్వ విద్యార్థి పోగుచేసిన ఫ్రటర్నిటీల (విద్యార్థి సంఘాల) కాగితాలు దానికి పునాది. స్క్రాప్‌బుక్కులు, క్లబ్బుల కరపత్రాలు, డాన్సుల్లో ఎవరు ఎవరితో ఆడాలో రాసుకున్న చిన్న చిన్న కార్డులు కూడా అలాంటి చోట భద్రంగా ఉంటాయి. డాన్సు కార్డుకు చోటున్నప్పుడు, చేత్తో రాసి జిరాక్స్ తీసిన మన ఉగాది ఆహ్వానానికి ఎందుకుండదు?

నా దగ్గర ఒక పద్దు పుస్తకం ఉంది. మూడేళ్లపాటు మా తెలుగు విద్యార్థుల లెక్కలు నేనే రాశాను. నెలకో సినిమా తెప్పించేవాళ్లం. 16 ఎంఎం రీళ్లు గ్రేహౌండ్ బస్సులో వచ్చేవి, ఒకరు బస్ స్టేషన్‌కు వెళ్లి మోసుకొచ్చేవారు. ఫిజిక్స్ లెక్చర్ హాల్లో వేసేవాళ్లం. హాలు అద్దె, రీళ్ల అద్దె, పులిహోరకు బియ్యం, నిమ్మకాయలు (చింతపండు దొరికేది కాదు). నాలుగు గంటల దూరం నుంచి కార్లలో వచ్చినవాళ్ల పేర్లు. ఒక పేజీలో సినిమా లెక్క లేదు. మాలో ఒకడి తండ్రి పోతే, విమానం టికెట్టుకు తలా కొంత వేసుకున్న లెక్క అది. ఎవరు పది డాలర్లు ఇచ్చారో, ఎవరు రెండే ఇవ్వగలిగారో అందులో ఉంది. ఆ రోజుల్లో మేం ఎలా బతికామో చెప్పడానికి ఇంతకంటే మంచి కాగితం నా థీసిస్‌లో ఒక్కటి కూడా లేదు.

మాకంటే ముందు వచ్చినవాళ్ల సంగతి ఇంకా తొందరది. రాజేంద్రనగర్‌లో 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడటంలో క్యాన్సస్ స్టేట్ యూనివర్సిటీ చెయ్యి ఉంది. వాళ్ల ప్రొఫెసర్లు హైదరాబాదు వచ్చి ఉన్నారు, మనవాళ్లు క్యాన్సస్‌లోని మాన్‌హటన్‌కు వచ్చి చదువుకుని వెళ్లారు. ఒప్పందాలు, నివేదికలు ఆఫీసుల్లో ఉంటాయి. గోదావరి జిల్లా కుర్రాడు మొదటిసారి మంచులో నడిచి ల్యాబుకు వెళ్లిన రోజు మాత్రం ఇంటికి రాసిన నీలం ఏరోగ్రాములోనే ఉంటుంది. అలా వచ్చినవాళ్లకు ఇప్పుడు ఎనభై, తొంభై ఏళ్లు.

"మనమేమైనా గొప్పవాళ్లమా?" అని మిత్రులు అడుగుతున్నారు. గొప్పవాళ్ల కాగితాలు అడక్కుండానే తీసుకెళ్తారు. అడగాల్సింది మనమే. మీరు చదివిన యూనివర్సిటీ ఆర్కైవ్స్‌కు ఒక ఈమెయిల్ రాయండి. పెట్టె మీరు సర్దకండి, వరస మార్చకండి, ఏ కాగితం పక్కన ఏది ఉందన్నది కూడా వాళ్లకు ముఖ్యమే. ఫోటోల వెనక మెత్తటి పెన్సిలుతో పేర్లు రాయండి. అక్కడివాళ్లకు తెలుగు రాదు కనక, పెట్టెలో ఏముందో ఇంగ్లిషులో ఒక పేజీ రాసి జతచేయండి. మన పేర్లు తలోరకంగా రాసుకుంటాం, అన్ని స్పెల్లింగులూ ఇవ్వండి. ఇంటి గుట్టు ఉన్న ఉత్తరాలైతే ఇన్నేళ్లదాకా తెరవొద్దని దానపత్రంలో షరతు పెట్టుకోవచ్చు. ఇచ్చేముందు స్కాన్ చేసి ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. 2018లో ఆ క్యాన్సస్ స్టేట్‌లోనే హేల్ లైబ్రరీకి నిప్పంటుకుంది. కాగితం వదులుకోవడానికి మనసొప్పనివాళ్లు ఫిలడెల్ఫియాలోని సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్‌ను అడగవచ్చు. 2008లో మొదలైన ఆ సంస్థ నకలు తీసుకుని అసలు మనకే ఇచ్చేస్తుంది.

ఇక్కడి మన తెలుగు సంఘానికి ఒక విన్నపం. మహాసభల్లో నగల దుకాణాలకు, ఇళ్ల స్థలాలవాళ్లకు చోటిస్తున్నాం. ఒక బల్ల, రెండు స్కానర్లు, తెలుగు చదవగలిగిన నలుగురు పిల్లలు, అంతకుమించి అక్కర్లేదు. పెద్దవాళ్లు ఫోటోలు తెచ్చి పేర్లు చెబుతారు, పిల్లలు రాసుకుంటారు. సంఘం తొలినాళ్ల మినిట్స్ (సమావేశాల్లో రాసుకున్న వివరాలు) ఎవరింట్లో ఉన్నాయో కూడా అప్పుడే తేలుతుంది.

ఆ ఫోటోలో ఉండి ఇప్పుడు లేని ఇద్దరిలో ఒకరి భార్య కిందటి వారం ఫోన్ చేసింది. ఇల్లు అమ్మేసి కొడుకు దగ్గరికి వెళ్లిపోతోంది. "ఆయన పెట్టెలు ఆరున్నాయి అన్నయ్యగారూ, అన్నీ పాత కాగితాలే. ఉత్తరాలు సరే, కిరాణా చిట్టాలు కూడా దాచారు. అవి పడేయనా?" అంది.

"ఏదీ తీయకమ్మా, శనివారం వ్యాను తెస్తున్నాను" అన్నాను.