లామినేషన్ చేయించిన పన్ను

పంటికి క్యాప్ వేయించుకున్న విశాఖ పౌరుడి మొదటి కర్తవ్యం ఏమిటి? మెత్తటి బ్రష్షు కొనుక్కోవడమా? కానే కాదు. డాబాగార్డెన్స్‌లో ఏదో ఒక జెరాక్స్ షాపు చూసుకుని, క్యాప్‌తో పాటు ఇచ్చిన వారంటీ కార్డుకు లామినేషన్ చేయించడం. తర్వాత దాన్ని బీరువాలో, ఇంటి దస్తావేజుల పక్కన భద్రపరచి తాళం వేయాలి. అంతటితో దంత సంరక్షణ సంపూర్ణం. ఇక 15 ఏళ్లదాకా ఆ పన్ను క్యాప్ తయారుచేసిన ల్యాబ్ వాడి పూచీ.

ఈ పద్ధతి డాక్టర్లకు ఎందుకో నచ్చదు. మహారాణిపేటలో ఏ దంతవైద్యుణ్ణి కదిపినా ఒకటే పాట. క్యాప్ చేసిన జిర్కోనియా పుచ్చదండీ, కానీ దాని కిందున్నది మీ పన్నే కదా, అది పుచ్చుతుంది అంటారు. చిగురూ క్యాపూ కలిసే అంచున పాచి పేరుకుంటుందట, పుప్పి అక్కణ్ణుంచే లోపలికి పాకుతుందట. అందుకని ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు ఆ అంచు వెంబడి నెమ్మదిగా తోమమంటారు. మనం తోమేది ఫొటోలో పడే పళ్లను. వెనక దవడలో ఏం జరుగుతోందో ఎవడు చూడొచ్చాడు? పైగా రూట్ కెనాల్ చేసిన పంట్లో నరం ఉండదు కాబట్టి లోపల ఎంత పుచ్చినా జివ్వుమనదు. నొప్పి లేదంటే జబ్బు లేదనే మన ఇంటి వైద్యానికి ఇంతకన్నా అనువైన పన్ను మరొకటి లేదు. పైన పటారం, లోన లొటారం. చాలా ఇళ్లలో ఏళ్ల తరబడి ప్రశాంతంగానే గడిచిపోతుంది.

ఫ్లాస్ అని ఇంకో దారం కొనిపిస్తారు. బ్రష్షు కుంచెలు దూరని పళ్ల సందుల్లో పాచి తియ్యడానికట. దారం మాత్రం భేషైనది, ఒప్పుకోవాలి. మా వీధిలో ఒకావిడ దాంతో కనకాంబరాలు కడుతున్నారు. అరటినార కన్నా గట్టిగా ఉందట, పైగా పుదీనా వాసన.

ఇక క్యాప్ బలం సంగతి. ల్యాబుల్లో యంత్రాలు పెట్టి కొలుస్తారట. ఆర్కే బీచ్ ఉండగా మనకు యంత్రాలెందుకు? సాయంత్రం సబ్‌మెరైన్ ఎదురుగా నిలబడి, బొగ్గుల మీద కాల్చి నిమ్మచెక్కతో ఉప్పూకారం రుద్దిన మొక్కజొన్న పొత్తును ఆ వైపు దవడతోనే పీకాలి. గింజ నలుగుతుంది, దాని పొట్టు మాత్రం సరిగ్గా క్యాప్ అంచున ఇరుక్కుంటుంది. ఇంటికెళ్లి దాన్ని జాకెట్టు పిన్నీసుతో కెలికి చిగురు వాచేదాకా వదలకూడదు. మర్నాడు అనకాపల్లి చుట్టాలు పంపిన చెరుకు గడ. కత్తిపీట ఇంట్లో ఉంటుంది, అయినా తొక్క పళ్లతో వలిస్తేనే చెరుకు. ఆదివారం పీత కాలు కటుక్కుమనిపించాలి. మెటల్ మీద పింగాణీ పూసిన రకమైతే ఈపాటికి పెచ్చు లేస్తుంది. అసలు క్యాప్ వచ్చేలోగా పెట్టే టెంపరరీదైతే మరీ సుకుమారం. పంటికి అతుక్కునే జీడి ముక్క ఒక్కటి చాలు, క్యాప్ చేతిలోకి వచ్చేస్తుంది.

కొందరు నిద్రలో పళ్లు కొరుకుతారు. అలాంటివాళ్లు రాత్రిళ్లు పళ్లకు నైట్ గార్డ్ అనే తొడుగు పెట్టుకోవాలని, లేకపోతే క్యాప్ మీదా ఎదుటి పంటి మీదా భారం పడుతుందని డాక్టరు అంటారు. కడుపులో నులిపురుగులని బామ్మ అంటుంది. బామ్మ ఫీజు తీసుకోదు కనుక ఆవిడ మాటే నెగ్గుతుంది. నైట్ గార్డ్ డబ్బాలో ఇప్పుడు పక్కపిన్నులుంటున్నాయి.

క్యాప్ కదిలితే టెన్షన్ పడనక్కర్లేదు, ఇంట్లో ఫెవిక్విక్ ఉంది. అది నోట్లో వాడేది కాదనీ, క్యాప్ వెంట్రుకవాసి పక్కకు కూర్చున్నా కొరుకుడు మొత్తం తప్పుతుందనీ, ఊడిన క్యాప్‌ను జాగ్రత్తగా పొట్లం కట్టి వెంటనే పట్టుకెళ్తే చాలాసార్లు అదే తిరిగి అతికించొచ్చనీ చెబుతారు. వెంటనే అంటే కుదరదు. మూఢం వెళ్లాలి, ఆడిట్ అవ్వాలి, అమెరికా నుంచి పిల్లలొచ్చి వెళ్లాలి. ఈలోగా మొండిపన్ను అరుగుతుంది, పక్క పళ్లు జరుగుతాయి, ఆ క్యాప్ ఇక పట్టదు.

ఆరు నెలలకోసారి చూపించుకోమంటారు. బండికి ఫ్రీ సర్వీసింగ్ తేదీ దాటనివ్వని మనం దీన్ని మాత్రం మర్యాదకు అన్నమాట కిందే తీసుకుంటాం. నన్నడిగితే కార్డు కన్నా అప్పుడప్పుడూ తీయించుకునే ఎక్స్‌రే మేలు, క్యాప్ అంచున మొదలైన పుప్పిని చాలావరకు అదే పట్టిస్తుంది. ఎటొచ్చీ దానికి లామినేషన్ లేదు.

చివరికి ఏ ఎనిమిదో ఏటో దవడ వాచాక బీరువా తెరుస్తాం. కార్డు నిగనిగలాడుతూ ఉంటుంది. డాక్టరు క్యాప్ తీసి చూపిస్తారు, అదీ నిగనిగలాడుతూనే ఉంటుంది. కింద పన్ను మాత్రం మిగల్లేదు. వారంటీ క్యాప్ విరిగితేనండీ, ఇది విరగలేదుగా అంటారు పాపం, చాలా మర్యాదగా. ఊడిన క్యాప్‌ను పొట్లం కట్టి మన చేతిలో పెడతారు. కురుపాం మార్కెట్లో బంగారం కొట్లవాళ్లు జిర్కోనియా కొనరు. వెళ్లి అడిగి వచ్చినవాళ్లు చెప్పారు.