జూమ్ లెన్స్ గారికి ఎడమ చెయ్యి విన్నపం

మహారాజశ్రీ 150-600 జూమ్ లెన్స్ గారికి,

మా యజమాని ఎడమ చెయ్యి నమస్కరించి చేసుకునే విన్నపం. (ఒంటిచేతి నమస్కారమే, మన్నించాలి. రెండోది ఎప్పుడూ బటన్ మీదే ఉంటుంది.)

మిమ్మల్ని ఎంచుకున్న రోజు నన్నెవరూ అడగలేదు. షాపులో మిమ్మల్ని కెమెరాకు తగిలించి, ఎదురుగా ఉన్న బోర్డుకు గురిపెట్టి రెండు నిమిషాలు చూశారు. కన్ను ఆహా అంది. పర్సు కాస్త నసిగింది. మీ బరువు రెండు కిలోలు. రెండు నిమిషాలైతే ఎవరైనా మోస్తారు. పదకొండో నిమిషం సంగతి పార్కుకు వెళ్లాక తెలిసింది.

పిట్ట సరిగ్గా అప్పుడే వచ్చింది. అప్పటిదాకా ఖాళీ కొమ్మకేసి మిమ్మల్ని ఎత్తిపట్టుకునే ఉన్నాను. మోచేతిని డొక్కకు ఆనించాను, యజమాని ఊపిరి బిగబట్టారు. అయినా వ్యూఫైండర్‌లో కొమ్మ ఏటి మీద పడవలా ఊగుతోంది. బటన్ సగం నొక్కగానే మీ కడుపులో సన్నగా జుయ్‌మని శబ్దం, ఊగే కొమ్మ జిగురు పెట్టి అంటించినట్టు ఆగిపోయింది. ఒప్పుకుంటాను, మీ స్టెబిలైజర్ గొప్పదే. 1995లో క్యానన్ 75-300తో ఎస్సెల్లార్ కెమెరా లెన్సుల్లోకి వచ్చిన విద్య అది. కాకపోతే అది ఆపేది నా వణుకుని. పిట్ట తోకని కాదు.

లెక్క చెబుతాను వినండి. ఫోకల్ లెంగ్త్ (మీ పేరులో ఉన్న మిల్లీమీటర్ల అంకె) ఎంతో, షటర్ స్పీడ్ సెకనులో అన్నో వంతు ఉండాలన్నది చేత్తో పట్టి తీసేవాళ్ల పాత లెక్క. మీ 600కి 1/600. మా కెమెరా సెన్సర్ చిన్నది, 1.5 పెట్టి హెచ్చవేస్తే 900. అంటే 1/1000 పెట్టుకోవాలి. స్టెబిలైజర్ నాలుగు స్టాపులు (ఒక్కో స్టాపుకి స్పీడు సగమవుతుంది) కాస్తుందని నమ్మి, యజమాని ఏకంగా 1/60కి దిగారు. ఫొటోలో కొమ్మ బెరడు మీది పగుళ్లు కూడా లెక్కపెట్టొచ్చు. పిట్ట ఉండాల్సిన చోట మాత్రం ఎవరో తడివేలితో తుడిచినట్టు ఒక మరక. ఐఎస్‌ఓ (వెలుగుకి సెన్సర్ సున్నితం) పెంచి స్పీడు పెంచుకుంటే పోయేదానికి, గ్రెయిన్ (ఇసక చల్లినట్టు చుక్కలు) వస్తుందని ఆయన టెన్షన్. మరకకి గ్రెయిన్ లేకపోతే ఏం, ఉంటే ఏం?

పొద్దు వాలినా, వెలుగు లోపలికొచ్చే మీ గుమ్మం ఎఫ్ 6.3 కంటే తెరుచుకోదు (ఈ అంకె తగ్గేకొద్దీ గుమ్మం పెద్దది). 2.8 ఎందుకు లేదని నేను చచ్చినా అడగను. 600ని 2.8తో భాగిస్తే 214 మిల్లీమీటర్లు, ఇంచుమించు జానెడు వెడల్పు గాజు. అదీ నా నెత్తినే పడేది.

పోనీ జూమ్ రింగు తేలికా అంటే, 150 నుంచి 600కి ఒక్క పట్టున తిరగదు. మధ్యలో వదిలి మళ్లీ పట్టుకోవాలి. ఆ అరక్షణం మిమ్మల్ని ఎవరు మోయాలి?

బీరువాలో మీ తమ్ముడు 70-300 ఖాళీగా కూర్చున్నాడు. ఏడొందల గ్రాములుంటాడేమో. 300 దాటడు, నిజమే. పిట్ట చిన్నగా పడుతుంది, కత్తిరించుకుంటాం. పదకొండో నిమిషంలో కూడా నా మాట వింటాడు. మీరు ట్రైపాడ్ మీద దర్జాగా కొలువుండండి. మీకు అడుగున ఆ కాలు పెట్టింది అందుకే. మా యజమాని దాన్ని సంచీ పిడి అనుకుంటున్నారు.

ఆదివారం మళ్లీ పార్కుకంటున్నారు, అందుకే ఈ తొందర.

ఇట్లు,
ఎడమ చెయ్యి

(నా వణుకు ఇంకా తగ్గలేదు. నేను చెబుతుంటే కుడి చెయ్యి రాసిపెట్టింది. దానికేం, కులాసాగా ఉంది.)