నెల్లూరు యాస మానేస్తేనే పిల్లలు బాగుపడతారా?

కొన్నాళ్ళుగా వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళు మాట్లాడేది సగం అరవం. అసలైన తెలుగు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లోనే ఉంది. యాసకి వ్యాకరణం ఉండదు. పిల్లలకి చదువు, ఇంగ్లిష్ రావాలంటే ముందు ఇంట్లో యాస మానెయ్యాలి. మా బంధువుల గ్రూపులో దీన్ని పెట్టింది కూడా మా వైపు వాళ్ళే. మాది కనిగిరి దగ్గర పల్లె, నేను నెల్లూరులో భాషలు చదువుకుంటున్నాను. ఈ మెసేజ్ చూసి చాలా బాధేసింది. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

"సగం అరవం" అన్నదానికి జవాబు చిన్నదే. ఇల్లు, కన్ను, పాలు లాంటి మాటలు తమిళంలోనూ దాదాపు ఇలాగే వినిపిస్తాయి. అవి రెండు భాషలకీ ఒకే ద్రావిడ మూలం నుంచి వచ్చాయి, ఎవరూ ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకోలేదు. నిజానికి తమిళం కంటే గోండి, కువి అనే ఆదివాసీ భాషలే తెలుగుకి దగ్గరి చుట్టాలు. తమిళనాడు సరిహద్దు వైపు కొన్ని తమిళ మాటలు కలిసి ఉండొచ్చు. రైతు, జిల్లా అనే మాటలు అరబీ నుంచి వచ్చాయి, మేస్త్రి పోర్చుగీసు నుంచి వచ్చింది. వాటివల్ల ఎవరి తెలుగూ చెడిపోలేదు కదా.

"అసలైన తెలుగు ఆ జిల్లాలదే" అన్నదాంట్లో కొంత నిజం ఉంది. పేపర్లలో, పాఠాల్లో మనం చూసే తెలుగుకి ఆ ప్రాంతంలో చదువుకున్నవాళ్ళ మాటే ఆధారం. అయితే దానికి కారణాలు చరిత్రలో ఉన్నాయి. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట, 1855 నాటికి బెజవాడ ఆనకట్ట వచ్చాయి. కాలవల కింద పంటలు పెరిగాయి, డబ్బు వచ్చింది, దాని వెనకే బడులు, ప్రెస్సులు వచ్చాయి. 1902లో బందరులో కృష్ణాపత్రిక మొదలైంది. గిడుగు రామమూర్తి లాంటివాళ్ళు గ్రాంథికాన్ని ఎదిరించి వాడుక భాషను రాతలోకి తెచ్చినప్పుడు, రాసేవాళ్ళూ అచ్చువేసేవాళ్ళూ ఎక్కువగా ఉన్న చోటి మాట ముందుకొచ్చింది. స్వచ్ఛత చూసి ఎవరూ ఎంపిక చెయ్యలేదు.

పాతకాలం సంగతే కావాలంటే, తొలి తెలుగు పద్యశాసనాల్లో ఒకటైన 848 నాటి పండరంగని శాసనం మా వైపు అద్దంకిలోనే దొరికింది. భారతంలో పదిహేను పర్వాలు తెలుగు చేసిన తిక్కన నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్నాడు. అరణ్యపర్వం పూర్తి చేసిన ఎర్రన అద్దంకి రెడ్డిరాజుల ఆస్థాన కవి. వీటిని చూపించి మా మాటే గొప్పదని నేను అనను, అలా అంటే ఆ మెసేజ్ రాసినవాళ్ళకీ నాకూ తేడా ఉండదు. ఈ నేలని తెలుగుకి బయట పెట్టడం మాత్రం కుదరదు.

ఇంతకీ రెండు జిల్లాలకీ కలిపి ఒకే యాస అనుకోవడమే పొరపాటు. ప్రకాశం జిల్లాని 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి ఏర్పాటు చేశారు. రెండూ ఆ పాత ప్రకాశం జిల్లావే అయినా, మా హాస్టల్లో గిద్దలూరు పిల్లల మాట ఒక తీరు, చీరాల పిల్లల మాట ఇంకో తీరు.

"యాసకి వ్యాకరణం ఉండదు" అన్నది నన్ను అన్నిటికన్నా ఎక్కువ నొప్పించిన మాట. నేను ఉండా, నువ్వు ఉండావు, వాడు ఉండాడు, వాళ్ళు ఉండారు, అది ఉండాది. చదువు రాని మా అవ్వ కూడా ఇందులో ఒక్క రూపం తారుమారు చెయ్యదు. "ఉండు" అనే ధాతువు వీటన్నిట్లో చెక్కుచెదరకుండా కనిపిస్తోంది. పుస్తకాల "ఉన్నాడు"లో అదే మారిపోయింది. ఎట్టా అంటే మోటు, ఎలా అంటే నాజూకు అంటారు. రెండూ పాత "ఎట్లు" నుంచే వచ్చాయి, ఒకచోట "ట్ల" కాస్తా "ట్ట" అయింది, ఇంకోచోట "ట" జారిపోయింది. సినిమాల్లో ఎవరైనా మా యాసని అనుకరించబోయి తప్పు పలికితే మా ఊరి పిలకాయలు ఇట్టే పట్టేస్తారు. నియమమే లేకపోతే తప్పు ఎట్టా తెలుస్తుంది?

ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి ఊరూరి వ్యవసాయ పదాలు సేకరింపజేసి 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం తెచ్చారు. తెలుగుని నాలుగు మాండలిక ప్రాంతాలుగా గుర్తించిన ఆయన నెల్లూరుని రాయలసీమతో పాటు దక్షిణ మాండలికంలో చేర్చారు. అంత పెద్ద భాషాశాస్త్రవేత్త పొలాల్లోని మాటల్ని అంత శ్రద్ధగా రాయించారంటే అవి పనికిరాని మాటలనా?

ఇక "యాస మానేస్తేనే ఇంగ్లిష్ వస్తుంది" అన్నది. ఇంట్లో ఒకలాగా, పరీక్ష పేపర్లో ఇంకోలాగా తెలుగు వాడే పిల్లలు ఎక్కడ ఏ రూపం వాడాలో చిన్నప్పుడే గ్రహించారన్నమాట. కొత్త భాష నేర్చుకోవడానికి కావలసిన నేర్పు కూడా అదే. ఇంగ్లిష్ పాఠాల్లో బ్రిటిష్ స్పెల్లింగ్ ఒకటి, అమెరికన్ స్పెల్లింగ్ ఒకటి అని చెప్తారు, అక్కడ దేన్నీ చెడిపోయిన ఇంగ్లిష్ అనరు. 2020 జాతీయ విద్యావిధానం కూడా వీలైనచోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనో, మాతృభాషలోనో, స్థానిక భాషలోనో చదువు చెప్పమంటోంది. పిల్లల చదువుకి అడ్డుపడేది సిగ్గు. నేను చదివిన ఒక బడిలో "మా నాయన పొలం కాడ ఉండాడు" అని ఒక పిల్లాడు చెప్పబోతే, టీచర్ మధ్యలోనే ఆపి "ఉన్నాడు అను" అన్నారు. క్లాసంతా నవ్వింది. తర్వాత వాడు తెలుగు పీరియడ్‌లోనూ ఇంగ్లిష్ పీరియడ్‌లోనూ నోరు తెరవడం మానేశాడు.

పుస్తకాల తెలుగు అందరికీ రావాలి. అర్జీ రాయాలన్నా, పోటీ పరీక్ష రాయాలన్నా అది కావాలి. దాన్ని నేర్పడానికి ఇంటి మాటను ఎగతాళి చెయ్యనక్కర్లేదు. టీచర్లు పిల్లాణ్ణి చెప్పదలుచుకున్నది పూర్తిగా చెప్పనిచ్చి, తర్వాత "దీన్ని పరీక్షలో ఎట్టా రాస్తావు?" అని అడిగితే చాలు.